స్టూడియో పేరు చూసి పిల్లల యానిమేషన్ సినిమాను ఎంచుకోవచ్చా?

ముందుగా మీ ప్రశ్నను నాకు అర్థమైన మేరకు క్లుప్తంగా చెబుతాను. మీకు ఆరేళ్ల పాప, పదకొండేళ్ల బాబు ఉన్నారు. ఇంటిల్లిపాదీ కలిసి చూసే యానిమేషన్ సినిమాను ఎంచుకోవడానికి ఇంతకాలం స్టూడియో పేరునే కొలబద్దగా పెట్టుకున్నారు. కానీ ఒకే స్టూడియో నుంచి వచ్చిన రెండు సినిమాల్లో ఒకటి నెలల తరబడి మీ ఇంట్లో మాటల్లో నలుగుతూ ఉంటే, రెండోది మరునాటికే ఎవరికీ గుర్తు లేకుండా పోయింది. ఎందుకిలా జరుగుతుంది, స్టూడియో పేరును ఎంతవరకు నమ్మవచ్చు అని అడిగారు. 'మై నైబర్ టోటోరో' పాపకు ఎంతో నచ్చింది కాబట్టి అదే స్టూడియో, అంటే జపాన్‌కు చెందిన ఘిబ్లి, తీసిన 'గ్రేవ్ ఆఫ్ ద ఫైర్‌ఫ్లైస్' కూడా చూపించవచ్చా అని చివర్లో అడిగారు.

ఆ చివరి ప్రశ్నకు జవాబు ముందే చెబుతున్నాను: ఇప్పుడే చూపించకండి. కారణం కింద వివరిస్తాను. అసలు ప్రశ్న విషయానికి వస్తే, స్టూడియో పేరు ఆ సినిమా ఎలా తయారైందో చెబుతుంది, ఎంత బాగా వచ్చిందో చెప్పదు. బొమ్మలను చేతితో గీశారా, మట్టితో మలిచారా, కంప్యూటర్‌లో రూపొందించారా, పాటలు ఉంటాయా, హాస్యం ఏ తరహాలో ఉంటుంది అన్నవి పేరును బట్టి చాలావరకు ఊహించవచ్చు. సినిమా మనసుకు హత్తుకుంటుందా లేదా అన్నది మాత్రం వేరే రెండు విషయాల మీద ఆధారపడుతుంది. ఆ సినిమా తీసిన రోజుల్లో ఆ స్టూడియోలో ఎవరు పనిచేస్తున్నారన్నది ఒకటి. కథ కుదరలేదని తెలిసినప్పుడు దానిని విప్పి మళ్లీ కుట్టుకునే వ్యవధి వారికి దొరికిందా అన్నది రెండోది. నేను ఇరవై రెండేళ్లుగా ఈ రంగంలో ఉన్నాను. మొదటి ఎనిమిదేళ్లు షాట్ యానిమేటర్‌గా, ఆ తర్వాత కథను వరుస బొమ్మలుగా గీసే స్టోరీబోర్డు విభాగంలో పనిచేశాను. ఈ రెండింటిలో రెండోదే ఎక్కువ ముఖ్యమని నా అనుభవం నాకు నేర్పింది.

విప్పి కుట్టడం అంటే ఏమిటో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ప్రేక్షకుడికి తెర మీద కనబడని పని ఇదే. యానిమేషన్‌లో ఒక్క సెకనుకు 24 ఫ్రేములు ఉంటాయి కాబట్టి తొంభై నిమిషాల సినిమాకు 1,29,600 ఫ్రేములు కావాలి. మామూలు సినిమాలో లాగా నాలుగైదు టేకులు తీసుకుని ఎడిటింగ్‌లో మంచిది ఏరుకుందామంటే ఇక్కడ కుదరదు. అందుకని యానిమేషన్ మొదలుపెట్టక ముందే సినిమా మొత్తాన్ని స్టోరీబోర్డు బొమ్మలుగా గీసి, వాటిని వరుసగా పేర్చి, ఆఫీసులో పనిచేసేవాళ్ల గొంతులనే తాత్కాలికంగా వాడుకుని, ఎక్కడి నుంచో తెచ్చిన సంగీతాన్ని దాని కింద పరిచి ఒక రీల్ తయారుచేస్తారు. దీనినే స్టోరీ రీల్ అంటాం. దానిని చీకటి గదిలో కూర్చుని మొదటి నుంచి చివరి వరకు చూస్తాం. ఎక్కడ విసుగు పుట్టింది, ఎక్కడ పాత్ర మీద కోపం వచ్చింది, ఎక్కడ అర్థం కాలేదు అన్నది అక్కడే తేలిపోతుంది. ఆ తర్వాత సగానికి పైగా పారేసి మళ్లీ గీస్తాం. నేను పనిచేసిన సినిమాల్లో నాకు తృప్తినిచ్చిన ఏ ఒక్కదానికీ ఈ చక్రం ఆరుసార్లకు తక్కువ తిరగలేదు.

పారేయడం తేలిక కాదు. నేను రెండు నెలలు కష్టపడి గీసిన ఒక సీక్వెన్సులో, అంటే సన్నివేశాల వరుసలో, మనవరాలు తన అవ్వ జడ వేస్తుంటే నిద్రలోకి జారుకుంటుంది. చూసినవారంతా బాగుందన్నారు. కానీ ఆ సీక్వెన్సు ఉన్నంతసేపూ తప్పిపోయిన తమ్ముడి సంగతి అందరూ మరచిపోతున్నారని దర్శకురాలు గమనించి మొత్తం తీసేశారు. ఆమె చేసినది సరైన పనేనని ఒప్పుకోవడానికి నాకు వారం రోజులు పట్టింది. ఈ రంగంలో ఇది కొత్తేమీ కాదు. 1937 డిసెంబరులో మొదటిసారి ప్రదర్శించిన 'స్నో వైట్ అండ్ ద సెవెన్ డ్వార్ఫ్స్' కోసం వార్డ్ కింబల్ అనే యువ యానిమేటర్ మరుగుజ్జులు సూప్ తాగే సీక్వెన్సును నెలల తరబడి శ్రమించి యానిమేట్ చేశాడు. అది కథను ఆపేస్తోందని వాల్ట్ డిస్నీ దానిని తొలగించాడు. కింబల్ ఉద్యోగం వదిలేద్దామనుకునేంతగా బాధపడ్డాడు, కానీ వెళ్లలేదు. తర్వాత వచ్చిన 'పినోకియో'లో జిమినీ క్రికెట్ అనే పాత్రను అతనికే అప్పగించారు. తొలగించిన ఆ పెన్సిల్ బొమ్మలు ఇప్పటికీ చూడటానికి దొరుకుతాయి. అంత అందమైన పనిని కథ కోసం వదులుకోగలిగారన్న సంగతి నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది.

అమెరికన్ యానిమేషన్ స్టూడియో పిక్సార్ చరిత్రలో ఈ పద్ధతికి ఇంకా స్పష్టమైన ఉదాహరణ ఉంది. పూర్తిగా కంప్యూటర్‌లో రూపొందిన తొలి పూర్తి నిడివి చిత్రంగా 1995 నవంబరులో విడుదలైన 'టాయ్ స్టోరీ' అంతకు రెండేళ్ల ముందు, 1993 నవంబరులో, దాదాపు ఆగిపోయింది. ఆ సినిమాకు డబ్బు పెట్టిన డిస్నీ అధికారులకు చూపించిన రీల్‌లో వుడీ అనే బొమ్మ అందరినీ ఎత్తిపొడిచే, కక్షగట్టి ప్రవర్తించే పాత్రగా ఉన్నాడు. అతని మీద ఎవరికీ ప్రేమ కలగలేదు, పని నిలిపివేయమన్నారు. పిక్సార్ బృందం కొద్ది నెలల్లో కథను తిరగరాసింది. కొత్తగా వచ్చిన బొమ్మ మీద వుడీకి ఉన్న అసూయను తీసేయలేదు, కానీ ఆ అసూయ వెనుక ఉన్న భయాన్ని, అంటే పిల్లవాడు తనను మరచిపోతాడేమోనన్న బెంగను ముందుకు తెచ్చింది. మీ బాబు వుడీని ఇష్టపడుతున్నాడంటే ఆ తిరగరాతే కారణం. కంప్యూటర్ ప్రావీణ్యం ఆ తర్వాతి మాట.

డిస్నీ తీసిన 'ఫ్రోజెన్' విషయంలోనూ ఇలాగే జరిగింది. తొలి కథల్లో మంచు శక్తులున్న రాణి ఎల్సా ప్రతినాయిక. క్రిస్టెన్ ఆండర్సన్-లోపెజ్, రాబర్ట్ లోపెజ్ దంపతులు ఆమె కోసం 'లెట్ ఇట్ గో' పాట కట్టాక, ఆ పాటలోని అమ్మాయిని ఇక విలన్‌గా చూడలేమని బృందానికి అర్థమైంది. పాటను మార్చడానికి బదులు కథనే దానికి తగ్గట్టు మార్చుకున్నారు.

ఇందులో ఒక చేదు నిజం కూడా ఉంది. విప్పి కుట్టడానికి వ్యవధి లేనప్పుడు ఆ భారమంతా మనుషుల ఒంటి మీద పడుతుంది. 'టాయ్ స్టోరీ 2'ను మొదట సినిమా హాళ్లకు కాకుండా నేరుగా వీడియోగా విడుదల చేయాలనుకున్నారు. తర్వాత హాళ్ల స్థాయికి పెంచారు. అది చాలినంత బాగా లేదని తేలాక, 1999 విడుదల తేదీ మారకుండానే సుమారు తొమ్మిది నెలల్లో మొత్తం మళ్లీ చేశారు. సినిమా అద్భుతంగా వచ్చింది, కానీ పనిచేసినవారిలో చాలామంది చేతులు, మణికట్లు దెబ్బతిన్నాయి. ఆ అనుభవం మళ్లీ రాకూడదని ఆ స్టూడియో పెద్దలే తర్వాత అన్నారు. మంచి సినిమా వెనుక ఎప్పుడూ మంచి పని పరిస్థితులే ఉంటాయని అనుకోకండి.

వ్యవధి ఇవ్వని చోట ఏమవుతుందో నేను స్వయంగా చూశాను. ఒక స్టూడియోలో (పేరు అనవసరం) రీల్ మూడోసారి చూసేసరికే కథ నడుమ భాగం కుంగిపోయిందని మా అందరికీ తెలుసు. కథానాయకుడు ఇల్లు ఎందుకు వదిలి వెళ్తున్నాడో చూసినవారెవరికీ అర్థం కాలేదు. కానీ విడుదల తేదీ, బొమ్మల అమ్మకాల ఒప్పందాలు అప్పటికే ఖరారయ్యాయి కాబట్టి రీల్‌ను అలాగే ఖాయం చేసి యానిమేషన్‌కు పంపేశారు. ఆ తర్వాతి పద్నాలుగు నెలలు మా వాళ్లు ప్రాణం పెట్టి పనిచేశారు. వాన నీటి మీద దీపాల వెలుగు, ఎలుగుబంటి బొచ్చు మీద మంచు, అన్నీ చూడముచ్చటగా వచ్చాయి. సినిమా మాత్రం ఎవరికీ గుర్తు లేదు. మీ ఇంట్లో మరునాటికే మరచిపోయిన సినిమా కూడా బహుశా ఇలాంటి దారిలోనే వచ్చి ఉంటుంది. బొమ్మ అందం చివరి నెలల్లో ఎంత పెంచినా, మొదటి ఏడాదిలో కుదరని కథను అది నిలబెట్టలేదు.

అయితే పిల్లలు సీట్లలో అటూ ఇటూ కదిలారు కదా అని ప్రతి సన్నివేశాన్నీ తీసేయడమూ పొరపాటే. 1989లో వచ్చిన 'ద లిటిల్ మెర్మెయిడ్'ను పూర్తికాక ముందు ప్రేక్షకులకు చూపించినప్పుడు, మత్స్యకన్య ఏరియల్ తన కోరికను పాడుకునే పాట దగ్గర పిల్లలు అసహనంగా కదిలారు. స్టూడియో అధిపతి జెఫ్రీ కాట్జెన్‌బర్గ్ దానిని తీసేయమన్నాడు. పాటల రచయిత హోవార్డ్ ఆష్మన్, యానిమేటర్ గ్లెన్ కీన్ గట్టిగా పట్టుబట్టి ఉంచారు. అప్పటికి ఆ పాట రంగులు లేని పెన్సిల్ గీతల దశలోనే ఉంది. రంగులు పడ్డాక అదే సినిమాకు గుండెకాయ అయింది. నేను పరీక్షా ప్రదర్శనలకు వెళ్లినప్పుడు తెరను కాక పిల్లలనే చూస్తాను. విసుగుతో కదలడం వేరు, బెంగతో కదలడం వేరు. బెంగ కలిగినప్పుడు పిల్లలు పక్కనున్న పెద్దవారి చేతిని వెతుక్కుంటారు. ఈ తేడా చీటీల్లో నింపిన అభిప్రాయాల్లో కనబడదు.

ఇక మొదటి విషయానికి, అంటే ఆ రోజుల్లో అక్కడ ఎవరు ఉన్నారు అన్నదానికి వస్తాను. డిస్నీ అన్న ఒక్క పేరు కింద నిజానికి అరడజను వేర్వేరు స్టూడియోలు ఉన్నాయనుకోవాలి. 1959 నాటి 'స్లీపింగ్ బ్యూటీ' చిత్రపటంలా నిండుగా, ఖరీదుగా ఉంటుంది. రెండేళ్ల తర్వాత వచ్చిన 'వన్ హండ్రెడ్ అండ్ వన్ డాల్మేషియన్స్'లో గీతలు గరుగ్గా, పెన్సిల్ ఆనవాళ్లతో కనిపిస్తాయి. కారణం ఖర్చు: యానిమేటర్ గీసిన బొమ్మను సెల్ అనే పారదర్శక షీటు మీదకు చేతితో సిరాతో దిద్దడం మానేసి, జిరాక్స్ యంత్రంతో నేరుగా ఎక్కించారు. నాకైతే ఆ గరుకుదనమే ఇష్టం, ఎందుకంటే గీసిన మనిషి చెయ్యి అందులో నేరుగా కనబడుతుంది. 1966లో వాల్ట్ డిస్నీ మరణించిన తర్వాత చాలాకాలం ఆ స్టూడియో దారి వెతుక్కుంది. 1985లో వచ్చిన 'ద బ్లాక్ కాల్డ్రన్' ఘోరంగా దెబ్బతింది. నాలుగేళ్లు తిరగకుండానే నాటకరంగం నుంచి ఆష్మన్, సంగీత దర్శకుడు ఆలన్ మెంకెన్ వచ్చి, పాటలోనే కథ ముందుకు నడవాలన్న రంగస్థల పద్ధతిని తెచ్చారు. 1991 నాటి 'బ్యూటీ అండ్ ద బీస్ట్' ఉత్తమ చిత్రం విభాగంలో ఆస్కార్‌కు నామినేషన్ పొందిన తొలి యానిమేషన్ చిత్రమైంది. పేరు మారలేదు, మనుషులు మారారు.

అందుకే దర్శకుల పేర్లు గుర్తుపెట్టుకోమని అందరికీ చెబుతాను. క్రిస్ సాండర్స్ 2002లో డిస్నీలో 'లిలో అండ్ స్టిచ్'కు, 2010లో డ్రీమ్‌వర్క్స్‌లో 'హౌ టు ట్రైన్ యువర్ డ్రాగన్'కు డీన్ డెబ్లాయిస్‌తో కలిసి దర్శకత్వం వహించాడు. 2024లో 'ద వైల్డ్ రోబోట్' తీశాడు. స్టూడియోలు వేరైనా మూడింటిలోనూ ఒకే ఆసక్తి ఉంది: అపాయకరమైనదో పరాయిదో అనిపించే జీవిని ఒకరు అక్కున చేర్చుకోవడం. బ్రాడ్ బర్డ్ 1999లో వార్నర్ బ్రదర్స్ కోసం తీసిన 'ది ఐరన్ జయంట్' వసూళ్లలో విఫలమైంది, కానీ దానిని చూసినవారికి 2004లో అతనే పిక్సార్‌లో తీసిన 'ది ఇన్‌క్రెడిబుల్స్' అంత బాగా ఉండటం ఆశ్చర్యం కలిగించదు. మీ బాబుకు 'ది ఐరన్ జయంట్' తప్పక చూపించండి.

నేను చెప్పిన పద్ధతికి ఒక పెద్ద మినహాయింపు ఉంది. 1985లో హయావో మియజాకీ, ఇసావో తకాహతా, తోషియో సుజుకీ కలిసి స్థాపించిన స్టూడియో ఘిబ్లిలో రీల్‌ను పదిమంది చూసి విప్పే ఆచారం లేదు. మియజాకీ తన సినిమాల స్టోరీబోర్డును తానే గీస్తాడు. అది పూర్తికాక ముందే యానిమేషన్ మొదలవుతుంది, ముగింపు ఏమిటో చాలాసార్లు బృందానికి కూడా అప్పటికి తెలియదు. 2001 నాటి 'స్పిరిటెడ్ అవే'లో కథ నదిలా ఒంపులు తిరుగుతూ పోవడానికి కారణం అదే. ఒక్క మనిషి మనసులోంచి వచ్చిన సినిమాకు ఉండే నిండుదనం కమిటీ సినిమాకు రాదు. కానీ ఆ ఒక్క మనిషి లేనప్పుడు ఏమిటన్న ప్రశ్న ఘిబ్లిని దశాబ్దాలుగా వెంటాడింది. 'విస్పర్ ఆఫ్ ద హార్ట్' తీసిన యోషిఫుమీ కొందో వారసుడవుతాడని అనుకుంటుండగా 1998లో మరణించాడు. 2014లో నిర్మాణ విభాగాన్ని కొంతకాలం ఆపినప్పుడు అక్కడి నుంచి వెళ్లినవారు స్టూడియో పోనోక్ పెట్టుకున్నారు. 2017లో వారు తీసిన 'మేరీ అండ్ ద విచెస్ ఫ్లవర్' మీ పాపకు నచ్చుతుంది. ఘిబ్లి పేరు లేదని వదిలేయకండి.

పేరుతో వచ్చే మరో చిక్కు ఏమిటంటే, ఒకే పేరు కింద వేర్వేరు విభాగాలు పనిచేస్తాయి. 1990ల నుంచి డిస్నీ పేరుతో వీడియోగా వచ్చిన ఎన్నో రెండో భాగాలను అసలు సినిమాలు తీసిన బృందం చేయలేదు. తక్కువ ఖర్చుతో పనిచేసే వేరే విభాగం చేసింది. 2013 నాటి 'ప్లేన్స్' చూస్తే పిక్సార్ వారి 'కార్స్' లోకమే అనిపిస్తుంది, కానీ దానిని తీసింది డిస్నీటూన్ స్టూడియోస్. ఎవరు తీశారన్నది పోస్టరు మీద కాకుండా టైటిల్స్‌లో చూడటం అలవాటు చేసుకోండి.

స్టూడియో పేరు నిజంగా పనికొచ్చే సందర్భాలూ ఉన్నాయి. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌కు చెందిన ఆర్డ్‌మన్ స్టూడియో మట్టి బొమ్మలను ఫ్రేము ఫ్రేముకూ చేతితో కదిపి సినిమా తీస్తుంది. ఒక యానిమేటర్‌కు రోజుకు రెండు సెకన్ల పని అయితే మంచి రోజే. బొమ్మల ముఖాల మీద వేలిముద్రలు కనబడతాయి, వారు వాటిని చెరిపేయరు. స్టాప్‌మోషన్ అనే ఈ పద్ధతిని నేను చిన్న వయసులో ఆరు నెలలు ప్రయత్నించాను. తప్పు జరిగితే వెనక్కి వెళ్లడానికి లేదు, మొత్తం షాట్ మొదటి నుంచి తీయాలి. అందువల్ల ఆ యానిమేటర్లు ప్రతి కదలికనూ ముందే నటించి చూసుకుంటారు, ఆ నిదానం హాస్యంలో తెలుస్తుంది. 2015 నాటి 'షాన్ ద షీప్ మూవీ'లో అర్థమయ్యే మాట ఒక్కటీ లేదు కాబట్టి భాష రాని పిల్లలు కూడా పెద్దవారితో సమానంగా నవ్వగలరు. మాటలు లేని సినిమాల్లో, లాత్వియాకు చెందిన గింట్స్ జిల్బలోడిస్ ఉచిత సాఫ్ట్‌వేర్ అయిన బ్లెండర్‌తో రూపొందించి ఆస్కార్ గెలుచుకున్న 'ఫ్లో' కూడా ఉంది. అయితే అందులో పిల్లి నీళ్లలో పడే ఘట్టాలు ఆరేళ్ల పాపకు భయం కలిగించవచ్చు, దగ్గర కూర్చోండి.

లైకా స్టూడియో కూడా బొమ్మలతోనే పనిచేస్తుంది, ముఖాలను త్రీడీ ప్రింటర్‌తో వేలకొద్దీ అచ్చు వేసి మారుస్తుంది. కానీ దాని అభిరుచి చీకటి వైపు ఉంటుంది. 'కోరలైన్' పదకొండేళ్ల బాబుకు సరిపోతుంది, పాపకు వద్దు. ఐర్లండ్‌లోని కార్టూన్ సెలూన్ వారి 'వుల్ఫ్‌వాకర్స్'లో పట్టణాన్ని చెక్క అచ్చుల్లాంటి బిగుసుకున్న గీతలతో, అడవిని వదులైన పెన్సిల్ గీతలతో గీశారు. చూసేటప్పుడు ఈ తేడాను పిల్లలకు చూపించండి, వారు వెంటనే పట్టుకుంటారు. ఇల్యూమినేషన్ స్టూడియోను మా రంగంలో కొందరు తక్కువ చేసి మాట్లాడతారు, నేను ఒప్పుకోను. 2010లో 'డెస్పికబుల్ మీ'ని సుమారు 6.9 కోట్ల డాలర్లతో తీశారు. అదే ఏడాది వచ్చిన 'టాయ్ స్టోరీ 3' వ్యయం సుమారు 20 కోట్ల డాలర్లు. వారు డబ్బును పరిసరాల వివరాల మీద కాక ముఖకవళికల మీద, శరీర హాస్యం మీద పెట్టారు. అది ఒక ఎంపిక, లోపం కాదు. పాప నవ్వుకోవడానికి ఆ స్టూడియో సినిమాలు చక్కగా సరిపోతాయి.

చివరగా 'గ్రేవ్ ఆఫ్ ద ఫైర్‌ఫ్లైస్' సంగతి. 1988 ఏప్రిల్ 16న 'మై నైబర్ టోటోరో', ఈ సినిమా ఒకే స్టూడియో నుంచి, ఒకే రోజున, ఒకే టికెట్టు మీద చూసే జంట చిత్రాలుగా విడుదలయ్యాయి. మొదటిది మియజాకీది, రెండోది తకాహతాది. రెండింటిలోనూ ఇద్దరేసి తోబుట్టువులు ఉన్నారు, రెండింటిలోనూ తల్లి చికిత్స పొందుతూ కనబడుతుంది. ఒక దాంట్లో తల్లి కోలుకుంటోంది. మరొకదాంట్లో బాంబుదాడిలో కాలిపోయి మరణిస్తుంది, పిల్లలిద్దరూ ఆకలితో ఒకరి తర్వాత ఒకరు చనిపోతారు. అన్న మరణం సినిమా మొదటి నిమిషాల్లోనే ఉంది. తకాహతా ఏ దృశ్యాన్నీ మెత్తబరచలేదు, అదే ఆ సినిమా గొప్పతనం, అదే మీ పాపకు ఇప్పుడు చూపకూడదనడానికి కారణం. ఆరేళ్ల బిడ్డ ఆ చిన్న చెల్లెలిలో తననే చూసుకుంటుంది. పాపకు ఇప్పుడు 'కికీస్ డెలివరీ సర్వీస్', ఆ తర్వాత 'పోన్యో' చూపించండి. బాబుకు పద్నాలుగు, పదిహేనేళ్లు వచ్చాక, ఆ సినిమాను ముందు మీరు ఒక్కరే ఒకసారి చూసి, తర్వాత అతని పక్కన కూర్చుని చూడండి.